పార్కింగ్ పిల్లర్ పెచ్చు ఊడింది. భూకంపం వస్తే ఈ పాత పిల్లర్లు ఆగుతాయా?

సెకండ్‌ఫ్లోర్_సెక్రటరీ, కోడంబాక్కం:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, చెన్నై వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కోడంబాక్కంలో మేముంటున్న బిల్డింగ్ 1988లో కట్టారు. కింద అంతా పార్కింగ్, పైన మూడు అంతస్తులు, పన్నెండు ఇళ్లు. సెక్రటరీ పని వంతులవారీగా తిరుగుతుంది, ఈ ఏడు నా నెత్తిన పడింది. మోటారు కాలిపోవడం, మెట్ల లైటు, వాచ్‌మన్ అడ్వాన్సు లాంటివి సర్దుకుపోయాను. బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేసినదాన్ని, మనుషులతో వేగడం కొత్త కాదు. పోయిన నెల మాత్రం నిద్ర పట్టని పని ఒకటి వచ్చిపడింది.

మూడో అంతస్తు అబ్బాయి కారు వెనక్కి తీస్తూ వెనక వరస పిల్లరుకు బంపర్ ఆనించాడు. గట్టిగా కూడా కాదు. అన్నం పళ్లెం అంత పెచ్చు ఊడి కింద పడింది. లోపల నిలువు రాడ్డు ఎర్రగా తుప్పు పట్టి ఉంది. దాని చుట్టూ తిరిగే సన్నటి రింగును ఒకచోట తుప్పు తినేసి అగ్గిపుల్లంత చేసింది. వేలితో అంటే పొడి రాలింది.

అప్పటినుంచి ఇంటికో మాట. పెయింటింగ్ కాంట్రాక్టర్ వచ్చి చూసి, సిమెంటు మెత్తి రంగు వేస్తే కొత్తదానిలా ఉంటుంది, నలభై వేలు అన్నాడు. ఫస్ట్ ఫ్లోర్ ఆయన, ఇదే మంచి సమయం, బిల్డర్‌కి ఇచ్చేద్దాం అంటారు. ఇంకొకాయన ఏకంగా ఆటోలో ఇటుకలు దింపించారు. వెనక రెండు పిల్లర్ల మధ్య నాలుగున్నర అడుగుల గోడ కట్టి, పైన వల కొట్టి సామాన్ల గది చేస్తారట, పైగా దాంతో పిల్లర్లకు కూడా ఆసరా అట.

నా భయం వేరు. 2001 సెప్టెంబర్ 25 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో స్టాండులో స్టీలు పళ్లాలు వాటంతట అవే గలగలలాడాయి. పాండిచ్చేరి దగ్గర సముద్రంలో భూకంపం అని తర్వాత తెలిసింది. 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం మళ్లీ ఫ్యాన్లు ఊగాయి. అది సుమత్రాలో. సాయంత్రం దాకా అందరం రోడ్డు మీదే నిలబడ్డాం. రెండుసార్లూ బిల్డింగుకు ఏమీ కాలేదు. ఇప్పుడు ఆ రాడ్డు చూశాక, మళ్లీ అలా ఊగితే ఈ పిల్లర్ల లోపల అసలు ఏం జరుగుతుంది అని అడగాలనిపిస్తోంది. పిల్లర్లు 9 అంగుళాలు బై 12 అంగుళాలు, టేపు పెట్టి నేనే కొలిచాను. మొత్తం పద్దెనిమిది. నాకు లెక్కలు వచ్చు, ఇంజినీరింగ్ రాదు. అర్థమయ్యేట్టు చెప్పండి.


వడపళని_ఫిల్టర్‌కాఫీ:

అమ్మా, చెన్నైకి భూకంపాలు రావు, వచ్చినా ఊపి వదిలేస్తాయి. 1988 నుంచి నిలబడ్డది రేపు పడిపోతుందా? ఆ డబ్బుతో సంపు బాగుచేయించండి, వానాకాలంలో పనికొస్తుంది.


పాత_సైట్_ఇంజినీర్, ఆదంబాక్కం:

అమ్మా, పై ఆయన చెప్పింది సగం నిజం. ఇక్కడ పెద్ద భూకంపం వచ్చే అవకాశం తక్కువే. కానీ 2001 జనవరి 26 ఉదయం భుజ్ దగ్గర భూమి కదిలితే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు మీ బిల్డింగ్ లాంటివే, కింద పార్కింగ్, పైన ఇళ్లు. అవి కూడా ఆ ముందు రోజు దాకా నిలబడ్డవే కదా. అహ్మదాబాద్ మూడో జోన్ (భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీశారు, అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ). చెన్నై అప్పట్లో రెండో జోన్‌లో ఉండేది, 2002లో భూకంపాల లెక్కకు వాడే ఐఎస్ 1893 కోడ్ మార్చినప్పుడు మూడో జోన్‌లోకి తెచ్చారు. ఆ కోడ్ ప్రకారం పక్కకు తోసే బలం లెక్కలో రెండో జోన్‌కు 0.10 వేస్తే మూడో జోన్‌కు 0.16 వేయాలి. మీ బిల్డింగ్ కట్టేనాటికి ఈ మార్పు రాలేదు. ఆ రోజుల్లో మూడు నాలుగు అంతస్తుల ఇళ్లకు పైనుంచి దిగే బరువు ఒక్కటే లెక్క కట్టేవాళ్లం. పక్కకు తోసే బలం అనే మాట డ్రాయింగులో ఉండేది కాదు.

‘కట్టేవాళ్లం’ అని ఎందుకన్నానో చెప్తాను. నేను 1993లో డిప్లొమా అయి సైటులో చేరాను. అశోక్ నగర్ వైపు ఒక నాలుగంతస్తుల పని. డ్రాయింగులో పిల్లర్ రింగులు 6 అంగుళాలకు ఒకటి అని ఉంది. పొద్దున్నే చూస్తే మేస్త్రి 9 అంగుళాలకు ఒకటి కట్టి పెట్టాడు. ఒక పక్క మిక్సర్ తిరుగుతోంది, తట్టలతో జనం వరసగా నిలబడ్డారు. మా సీనియర్ కోడ్ పుస్తకం తీసి చూపించాడు. కాంక్రీటు పనికి అప్పట్లో ఉన్న ఐఎస్ 456 కోడ్ ప్రకారం రింగుల ఎడం మూడింటిలో ఏది తక్కువైతే అది: పిల్లర్ సన్నపు వైపు కొలత, నిలువు రాడ్డు మందానికి 16 రెట్లు, రింగు మందానికి 48 రెట్లు. 9 అంగుళాలంటే 230 మి.మీ. 16 మి.మీ. రాడ్డుకు 256. 6 మి.మీ. రింగుకు 288. అంటే 230 దాటకపోతే చాలు. ‘కోడే ఒప్పుకుంటుంటే నీకేంటి’ అన్నాడు. నేను పొయ్యమన్నాను. ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, రంగులు వేసుకుని బాగానే ఉంది.

మీ పిల్లర్లలోనూ అదే ఉంటుందని నా పందెం. పొడవాటి ఉపోద్ఘాతం ఎందుకంటే, పాత పిల్లర్ సంగతి మొత్తం ఆ రింగులోనే ఉంది. చూసేవాళ్లు పిల్లర్ ఎంత లావుందో చూస్తారు, నిలువు రాడ్లు ఎన్నో లెక్కపెడతారు. రింగును ఎవరూ పట్టించుకోరు.

గడ్డిమోపు కట్టడం చూసే ఉంటారు. మోపు నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు గడ్డిని పట్టి ఉంచేది తాడు. తాడు జారితే గడ్డి అంతా ఉన్నా మోపు లేదు. కాంక్రీటు మీద పైనుంచి బరువు పడితే అది పక్కలకు ఉబ్బాలని చూస్తుంది, రింగు దాన్ని ఉబ్బనీయదు. ఊరికే బరువు మోస్తున్నంతకాలం ఆ ఉబ్బు ఎంతో కాదు, దూరదూరంగా ఉన్న రింగులూ సరిపోతాయి. అందుకే మీ బిల్డింగ్ ఇన్నేళ్లు నిలబడింది. నేల అటూ ఇటూ కదిలినప్పుడు పిల్లర్ పైనా కిందా వంగుతుంది, ఒక అంచు విపరీతంగా నలుగుతుంది. ముందు పై పొర, అంటే కవర్, పెచ్చులుగా రాలుతుంది. అక్కడ రెండు దారులు. రింగులు దగ్గరగా ఉండి కొక్కేలు లోపలికి తిరిగి ఉంటే, రింగు లోపలి కాంక్రీటు పొడి కాకుండా అలాగే ఉండి బరువు మోస్తూ ఉంటుంది. బిల్డింగ్ వంకరపోవచ్చు, జనం మాత్రం మెట్లు దిగి బయటికి వస్తారు. రింగులు దూరంగా ఉంటే రెండు రింగుల మధ్య నిలువు రాడ్డు విల్లులా బయటికి వంగుతుంది, లోపలి కాంక్రీటు కంకరగా జారిపోతుంది. భుజ్ తర్వాత పేపర్లో ఫోటోలు చూశాను. పిల్లర్ ఉండాల్సిన చోట రాడ్లు బుట్టలా విచ్చుకుని ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆ రోజు నాకు అశోక్ నగర్ పని గుర్తొచ్చింది.

రింగుకు ఇంకో పని కూడా ఉంది, అదే ముఖ్యం. పక్కకు తోసినప్పుడు పిల్లర్ ఏటవాలుగా చీలుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగితే ఇంటూ గుర్తు పడుతుంది. ఆ చీలికను కుట్టి పట్టుకునేది రింగే, చొక్కా చిరుగుకు దారం కుట్టినట్టు. చీలిక సుమారు 45 డిగ్రీల్లో పోతుందనుకోండి. మీ పిల్లర్ సన్నపు వైపు 230 మి.మీ., కవర్ పోను లోపల మిగిలేది 190 దాకా. అంటే చీలిక ఈ చివర నుంచి ఆ చివరకు చేరేలోగా ఎత్తులో 190 మి.మీ. ప్రయాణం చేస్తుంది. రింగులు 230కి ఒకటి. ఒక్క రింగును కూడా తాకకుండా చీలిక బయటపడొచ్చు. మీకు లెక్కలు వచ్చన్నారు కాబట్టి ఇది రాశాను.

చీలాక ఏమవుతుంది అన్నది పైనున్న బరువును బట్టి ఉంటుంది. మీ పిల్లర్ ఒక్కోదాని మీద నాలుగు స్లాబుల బరువు, నా అంచనా 40, 50 టన్నులు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో ఇలాంటి పాత తరహా పిల్లర్లనే పూర్తి సైజులో పోసి విరగ్గొట్టి చూశారు. 18 అంగుళాల చదరపు పిల్లర్, 12 అంగుళాలకు ఒక రింగు, కొక్కెం 90 డిగ్రీలు. బరువు తక్కువ పెట్టినది చీలాక కూడా చాలాసేపు నిలబడింది. బరువు ఎక్కువ పెట్టినదానిలో చీలడం, కుంగడం రెండూ దాదాపు ఒకేసారి జరిగాయి. చీలిక మీద పై ముక్క కింది ముక్క మీంచి జారిపోతుంది. అందుకే ప్రమాదం ఎప్పుడూ బరువంతా మోసే అడుగు అంతస్తుదే. మీకు అక్కడ గోడలు కూడా లేవు. పైన మూడు అంతస్తులు ఇటుక గోడలతో పెట్టెలా బిగుసుకుని ఉంటాయి, ఊగేదంతా పార్కింగ్ పిల్లర్లే ఊగాలి.

ఒకే బిల్డింగులో రెండు రకాలూ ఉంటే ఎలా ఉంటుందో 1971లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆలివ్ వ్యూ ఆస్పత్రిలో తేలింది. ప్రారంభమై కొద్ది వారాలే. ఫిబ్రవరి 9 తెల్లవారుజామున భూకంపం. మామూలు రింగులు దూరదూరంగా వేసిన మూల పిల్లర్లు పిండి అయ్యాయి. స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుట్టిన పిల్లర్లు పక్కకు ఒరిగాయి, పై కాంక్రీటు రాలింది, లోపలిది చెక్కుచెదరకుండా భవనాన్ని మోస్తూ నిలబడింది. కాంక్రీటు అదే, భూకంపం అదే.

మీకు ఇప్పుడు చెప్పగలిగింది ఇంతే. ముందు ఒక పిల్లర్ అడుగున రెండు అడుగుల ఎత్తు ప్లాస్టరు, కవర్ తీయించి చూడండి. ఊరికే కాదు, పక్కన ప్రాప్‌లు (బరువు ఆనడానికి తాత్కాలికంగా పెట్టే ఇనుప స్తంభాలు) నిలబెట్టి, స్ట్రక్చరల్ ఇంజినీర్ దగ్గరుండగా. రింగుకు రింగుకు ఎంత ఎడం ఉందో కొలవండి, కొక్కెం ఎటు తిరిగిందో చూడండి, నిలువు రాడ్డుకు అతుకు ఎక్కడ వేశారో చూడండి. అప్పటిదాకా సిమెంటు మెత్తించవద్దు. మెత్తితే ఎవరూ చూడలేరు, తుప్పు మాత్రం లోపల తన పని తాను చేసుకుంటుంది.


సెకండ్‌ఫ్లోర్_సెక్రటరీ, కోడంబాక్కం:

సార్, రెండుసార్లు చదివాను. మా వారికి కూడా చదివి వినిపించాను. 230, 190 లెక్క దగ్గర ఆయన పేపర్ పక్కన పెట్టి పార్కింగ్‌లోకి దిగి వెళ్లి చూసొచ్చారు. రెండు అనుమానాలు. కొక్కెం ఎటు తిరిగితే ఏమిటి? ఆ ఇటుకల ఆయన గోడ సంగతేమిటి? గోడ ఉంటే ఆసరాయే కదా అని అందరూ ఆయన వైపే మాట్లాడుతున్నారు. ఆదివారం మీటింగ్ ఉంది.


రాడ్‌మేస్త్రి, పల్లావరం:

కొక్కెం సంగతి నేను చెప్తానమ్మా. మాది టెక్కలి, ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ రాడ్డు పనే. రింగు నాలుగు మూలలా వంచాక రెండు కొసలు మిగులుతాయి. ఆ కొసల్ని ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే అది 90. కొస పిల్లర్ అంచు వెంబడే, కవర్‌లోనే ఉంటుంది. కవర్ రాలిందా, కొసను పట్టుకునేది ఏదీ లేదు, రింగు విప్పుకుంటుంది. ఇంకా వంచి కొసల్ని పిల్లర్ కడుపులోకి తోస్తే 135. పైపొర రాలినా కొస లోపలి కాంక్రీటులో దిగబడి ఉంటుంది.

మరి ఎందుకు వంచరు అంటే, వంచినవాడికి తెలుస్తుంది. 135 వంచిన రింగు నోరు మూసుకుపోతుంది, పక్కనుంచి దూర్చడం కుదరదు, నిలువు రాడ్ల పైనుంచి ఒక్కోటి దించాలి. రాడ్లు తలకంటే ఎత్తున ఉంటాయి. ఇంకో మాట, మాకు కూలీ టన్ను లెక్కన ఇస్తారు. 9 బై 12 పిల్లర్‌కి 6 మి.మీ. రింగు ఒక్కోటి పావు కేజీ కూడా తూగదు. ఇరవై రింగులు కొలిచి, కోసి, వంచి, దించి, వైరు కట్టినా ఐదు కేజీలు కాదు. ఒక్క 20 మి.మీ. రాడ్డు ఎత్తి పడేస్తే ముప్పై కేజీలు. రింగు మీద ప్రేమ ఎవరికుంటుంది చెప్పండి. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే వంచిన రింగులు దొరుకుతున్నాయి, కొంత నయం.

బీమ్ పిల్లర్ కలిసేచోట అసలు రింగే ఉండదు పాత పనుల్లో. నాలుగు వైపుల నుంచి బీమ్ రాడ్లు వచ్చి పడతాయి, చెయ్యి దూరదు. ఆ ఇంజినీర్ గారు ఇది రాయలేదు, కానీ ఆయనకీ తెలుసు.


పాత_సైట్_ఇంజినీర్, ఆదంబాక్కం:

మేస్త్రి గారికి దండం. తెలుసు. అక్కడ రింగు ఉందా అని అడిగిన రోజు ఒక్కటీ గుర్తులేదు నాకు.

ఇప్పుడు, భూకంపానికి తట్టుకునేట్టు రాడ్లు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్ ప్రకారం పిల్లర్ రెండు చివర్లా రింగులు 100 మి.మీ. కంటే ఎడంగా ఉండకూడదు, సన్న పిల్లరుకు ఇంకా దగ్గరగా. కొక్కెం 135. బీమ్ కలిసేచోట కూడా ఆ రింగులు ఆగకూడదు. నిలువు రాడ్ల అతుకు పిల్లర్ ఎత్తులో మధ్య సగంలోనే వేయాలి. మన పాత అలవాటు నేలకు ఆనించి అతుకు వేయడం, రాడ్లు నిలబెట్టడం సులువు కాబట్టి. వంపు ఎక్కువ పడేది సరిగ్గా అక్కడే. ఆ కోడ్ వచ్చింది నేను సైటులో చేరిన 1993లోనే. కానీ అప్పుడు అది ముఖ్యంగా నాలుగు, ఐదు జోన్ల కోసం. చెన్నైలో ఎవరూ తెరిచి చూడలేదు.

గోడ విషయం. మీ మీటింగ్‌లో ఈ ఒక్క లెక్క చెప్పండి చాలు. వెదురు కర్ర పొడవుగా పట్టుకుంటే సులువుగా వంగుతుంది, పొట్టిగా విరిచి పట్టుకుంటే వంగదు. పిల్లర్ ఎత్తు సగమైతే దాని బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. మీ పిల్లర్ 9 అడుగులనుకోండి. రెండు పిల్లర్లకూ ఆనించి నాలుగున్నర అడుగుల గోడ కడితే కింది సగం కదలదు, ఊగాల్సింది పైన మిగిలిన నాలుగున్నర అడుగులే. బిల్డింగ్ పక్కకు జరిగినప్పుడు పద్దెనిమిది పిల్లర్లూ ఒకే మేర జరగాలి కదా, పైన స్లాబు ఒకటే. బిగువు ఎక్కువ ఉన్నది ఎక్కువ బలాన్ని నెత్తికెత్తుకుంటుంది. పదహారు పిల్లర్లు ఒక్కో వంతు తీసుకుంటే, గోడ పక్కనున్న ఆ రెండూ చెరి ఎనిమిది వంతులు తీసుకుంటాయి. వాటిలోపల ఉన్నది మాత్రం అవే 9 అంగుళాల ఎడం రింగులు. ఆ మిగిలిన పొట్టి ముక్క ఇంటూ గుర్తుగా చీలుతుంది. ప్రపంచంలో చాలా భూకంపాల తర్వాత చూస్తే స్కూళ్లలో, ఆఫీసుల్లో కిటికీ అడుగు గోడ పక్కన పిల్లర్లు ఇలాగే చీలి ఉంటాయి. ఆయనకు ఆసరాలా కనిపిస్తున్నది పిల్లర్ మెడ పట్టుకోవడం. అంతగా గది కావాలంటే ఇనుప ఫ్రేముతో వల పెట్టుకోమనండి, పిల్లర్లకు ఆనకుండా.

బాగుచేయడం గురించి. మీ కన్సల్టెంట్ జాకెటింగ్ అంటారు. అంటే పాత కవర్ తీసి, తుప్పు గీకి, చుట్టూ కొత్త రాడ్లు, దగ్గర రింగులు కట్టి, నాలుగు వైపులా కనీసం 100 మి.మీ. కొత్త కాంక్రీటు పోయడం. 9 బై 12 పిల్లర్ 17 బై 20 అవుతుంది, కార్లు పెట్టేచోటు తగ్గుతుంది, గొడవ మొదలవుతుంది. సిద్ధంగా ఉండండి. కొత్త రాడ్లు స్లాబుకు కన్నాలు వేసి పైకి పోవాలి, కింద ఫుటింగ్‌లో, అంటే పునాదిలో, పాతుకోవాలి. నేల దగ్గర ఆపేస్తే అది పిల్లర్‌కి కట్టిన పంచె, అంతకుమించి కాదు. ఇంకొకటి, పెచ్చు ఊడిన ఆ ఒక్కదానికే జాకెట్ వేస్తే మళ్లీ గోడ కథే. ఒక్కటి బిగుసుకుని మిగతావాటి వంతు లాక్కుంటుంది. తుప్పు పిల్లర్‌కి మరమ్మతు వేరు, భూకంపానికి బలం చేయడం వేరు. రెండోది బిల్డింగ్ మొత్తానికి లెక్క వేసి చేయాలి. చాలాసార్లు పార్కింగ్‌లో రెండు దిక్కులా, ఎదురెదురుగా సరితూగేట్టు నాలుగు కాంక్రీటు గోడలు ఫుటింగ్ నుంచి లేపితే పద్దెనిమిది జాకెట్ల కంటే చవకగా తేలుతుంది. అది పిల్లర్ నుంచి పిల్లర్ దాకా, నేల నుంచి స్లాబు దాకా నిండుగా ఉండే గోడ. సగం గోడ కాదు. ఎలా లెక్క కట్టాలో చెప్పే కోడ్ ఐఎస్ 15988, 2013లో వచ్చింది. ఆ నంబర్ ఎరగని కన్సల్టెంట్ అయితే టీ ఇచ్చి పంపించండి.


బెంగళూరు_బాల్కనీ:

మాది ఇందిరానగర్‌లో 1991 బిల్డింగ్. మా అసోసియేషన్ వాళ్లు జాకెట్‌కు చోటు లేదని కార్బన్ ఫైబర్ గుడ్డ చుట్టించారు. నల్లగా సోకుగా ఉంది. ఇది కూడా పనికొస్తుందంటారా?


పాత_సైట్_ఇంజినీర్, ఆదంబాక్కం:

పనికొస్తుంది, బయటినుంచి వేసిన రింగు అనుకోండి. గుండ్రటి పిల్లర్‌కి బాగా పట్టు ఇస్తుంది. పలకల పిల్లర్ అయితే మూలలు గుండ్రంగా అరగదీశాకే చుట్టాలి, లేకపోతే గుడ్డ మూలల దగ్గరే తెగుతుంది. లోపల తుప్పు ఉండగానే చుట్టేశారా అన్నది కనుక్కోండి. చుట్టేశాక లోపల ఏం జరుగుతోందో కనపడదు. మీ ఊరు 2002 కోడ్‌లో రెండో జోనే, సముద్రపు గాలి కూడా లేదు. మా వాళ్లకంటే మీరు కొంచెం నిశ్చింతగా నిద్రపోవచ్చు.


సెకండ్‌ఫ్లోర్_సెక్రటరీ, కోడంబాక్కం:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీటింగ్‌లో సగం మంది అరిచారు, సగం మంది ఫోన్లు చూసుకున్నారు, అయినా పిల్లర్ తెరిచి చూడ్డానికి డబ్బు మంజూరైంది. ఎనిమిదింతల లెక్క బోర్డు మీద రాశాను. వెదురు కర్ర దొరక్క బాల్కనీ కడిగే చీపురు పుల్లతో చూపించాను.

మొన్న బుధవారం పొద్దున కన్సల్టెంట్ ఇంజినీర్ ఒకావిడ వచ్చారు, చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు ఉంటుంది. ముందు పిల్లర్‌కి రెండు పక్కలా నాలుగు ఇనుప ప్రాప్‌లు బిగించి, బీమ్‌కి ఆనేదాకా తిప్పించారు. తర్వాత ఒక కుర్రాడు ఉలితో మెల్లగా కొట్టాడు. ప్లాస్టరు ఊడాక కాంక్రీటు పైపొర ఉలి అవసరం లేకుండానే పెచ్చులుగా వచ్చేసింది. ఆవిడ ముక్క తీసి చూపించారు, వెనకవైపు రాడ్డు ముద్ర తుప్పు రంగులో అచ్చు పడి ఉంది. తుప్పు పడితే ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపల్నుంచి తోస్తుందట, కారు బంపర్ పాపం మిషగా దొరికింది.

రింగులు నేనే కొలిచాను, టేపు ఆవిడ పట్టుకున్నారు. మొదటి ఎడం 21 సెంటీమీటర్లు, రెండోది 24, మూడోది 23. కొక్కేలు మేస్త్రి గారు చెప్పిన ఎల్ ఆకారమే. ఒక కొసను బొటనవేలితో నొక్కితే బయటికి వచ్చింది, నా బొటనవేలితో. అతుకు నేల నుంచే మొదలైంది, రెండున్నర అడుగులు. ఆ తర్వాత ఒక సీసాలోంచి నీళ్లలాంటిది స్ప్రే చేశారు. మంచి కాంక్రీటు గులాబీ రంగుకు తిరగాలట. రాడ్డు దాకా రంగే రాలేదు, ఇంకా లోపల ఒక వేలెడు లోతున లేత గులాబీ కనిపించింది. అది చూస్తే నాకు ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది. ఆవిడ కూడా, లోపల ఇంకా ప్రాణం ఉందండీ అన్నారు.

ముందు వరసలో రెండు పిల్లర్ల నుంచి కోర్లు (గుండ్రంగా తొలిచి తీసిన కాంక్రీటు ముక్కలు) తీసుకెళ్లారు, ల్యాబ్ నుంచి రావాలి. స్కానర్‌తో మిగతా వాటి రింగులు కూడా చూశారు, అన్నీ ఒకే తీరు. తుప్పు పిల్లర్‌కి ఇప్పుడే మరమ్మతు చేద్దామని, బలం సంగతి కోర్ రిపోర్టు వచ్చాక బిల్డింగ్ మొత్తానికి లెక్క వేసి చెప్తానని అన్నారు. మీరు చెప్పిన ఐఎస్ 15988 నేను అడగకముందే ఆవిడే ఎత్తారు, కాబట్టి టీతో పాటు భోజనం కూడా పెట్టాను. నాలుగు గోడల మాట కూడా వచ్చింది. రెండు కార్ల చోటు పోతుంది. ఆ రెండు ఎవరివో ఇంకా చెప్పలేదు, చెప్పిన రోజు ఇక్కడ మళ్లీ రాస్తాను.

సగం గోడ ఆగింది. ఆయన నాతో మాట్లాడ్డం లేదు గానీ ఇటుకలు వెనక్కి పంపలేదు. పిల్లర్ పక్కనే పేర్చి ఉన్నాయి, వాచ్‌మన్ వాటి మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు.